రెక్కలున్న చుక్క

గూడెం స్టేషన్లో రైలు ఆగగానే కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వచ్చింది. ఏలూరు నుంచి ఇటు ఎప్పుడు వచ్చినా ఆ వాసన నన్ను స్థిమితంగా కూర్చోనివ్వదు. లలిత గారి ఇల్లు రైస్ మిల్లు వెనకే ఉండేది.

నేను కొత్తగా ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరిన ఇక్కడి ప్రైవేటు కాలేజీలో ఆవిడ నాకు సీనియర్. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే "తెలియదురా, రేపు చూసి చెబుతాను" అనేవారు. మర్నాడు హాజరు కూడా పిలవకుండా ముందు ఆ జవాబే చెప్పేవారు. "తెలియనిది తెలిసినట్టు ఒక్కసారి చెబితే, తర్వాత తెలిసింది చెప్పినా నమ్మరమ్మా," అన్నారు ఓసారి నాతో.

ఆ ఏడు సూర్యుడి ఫొటోల గొడవ మొదలైంది. అంతరిక్షం నుంచి తీసిన ఆ ఫొటోల్లో ఎవరివో నౌకలు కనిపిస్తున్నాయంటూ వీడియోలు చేసే ఒకాయన మా ఊళ్ళో బాగా పేరు తెచ్చుకున్నాడు. ప్రిన్సిపాల్ గారు ఆయన్ని పిలిచి లలిత గారితో చర్చ పెట్టించారు. హాలు నిండిపోయింది. సూర్యుణ్ణి అంటుకుని ఉన్న నల్లటి బంతినొకదాన్ని ఆయన తెర మీద చూపించాడు. అది సూర్యుడి వాయువేనని, చుట్టూ ఉన్నదానికన్నా చల్లగా ఉండటంవల్ల నల్లగా కనబడుతోందని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. అప్పుడాయన సూర్యుడికి కాస్త దూరంలో, రెండు వైపులా రెక్కలున్న తెల్లటి చుక్కను చూపించి, "మరి ఇదేవిటండీ?" అన్నాడు.

ఆవిడ చాలాసేపు చూశారు. "గ్రహం కావచ్చండి, కెమెరా లోపం కావచ్చు. దీనికి ముందూ వెనకా తీసిన ఫొటోలు చూడాలి. ఇప్పటికైతే నాకు తెలియదండీ."

"మేడమ్ గారికే తెలియదట!" అన్నాడాయన జనం వైపు తిరిగి. హాలంతా ఈలలు, చప్పట్లు. అన్నీ మా విద్యార్థులవే.

సాయంత్రానికల్లా ఆ ఒక్క మాటనే కత్తిరించిన వీడియో ఊరంతా తిరిగింది. మర్నాడు స్టాఫ్ రూములో ప్రిన్సిపాల్ గారు నా ఎదురుగానే, "ఏదో ఒకటి చెప్పేస్తే పోయేది కదండీ! తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు," అన్నారు.

"తెలియకుండా ఎలా చెప్పనండీ?" అన్నారావిడ.

ముందు సీనియర్ క్లాసులు తీసేశారు. తర్వాత మిగిలినవీ తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఆవిడ వరండాలో నడుస్తుంటే పిల్లలు వెనకాల రెండు చేతులూ రెక్కల్లా ఆడించేవారు. ఏడాది తిరక్కుండానే ఉద్యోగం మానేసి, అత్తిలిలో అక్కగారింటికి వెళ్ళిపోయారు.

చూడ్డానికి వెళితే, కాఫీ గ్లాసు చేతికిస్తూనే "అది శుక్రుడమ్మా," అన్నారు. వరుసగా తీసిన ఫొటోలన్నీ వెతికి చూశారట. గ్రహం వెలుగు కెమెరా తట్టుకోలేనంత ఎక్కువై పక్కలకి పొంగిందట. అవే ఆ రెక్కలు.

"ఎప్పుడు తెలిసిందండీ?"

"చర్చ అయిన వారానికే. ప్రిన్సిపాల్ గారితో అంటే, ఇంక ఆ గొడవ వదిలేయమన్నారు. పిల్లలకి చెబుదామంటే నాకు క్లాసేదీ?" నవ్వబోయి ఆగిపోయారు.

ఆవిడ చనిపోయారు. ఆయన ఇప్పటికీ వీడియోలు చేస్తూనే ఉన్నాడు, ఆ చుక్కను చూపిస్తూనే ఉన్నాడు.

నేనిప్పుడు ఏలూరులో పాఠాలు చెబుతున్నాను. తెలియనప్పుడు తెలియదనే అంటాను. కానీ అన్న ప్రతిసారీ నా కళ్ళు ముందు తలుపు వైపు పోతాయి, బయట ఎవరైనా విన్నారేమోనని. ఆ మాట ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఈ భయం ఆ హాల్లో నేర్చుకున్నాను. రెండూ నన్ను వదల్లేదు.