ఎంత మేర

"...జానెడు అని రాస్తే నీ సొమ్మేం పోయిందక్కా? నిజమే కదా! నిచ్చెన పట్టుకున్నది నేనే కదా!"

"నిచ్చెన పట్టుకో, మేకులు కొట్టుకో. చీటీల జోలికి మాత్రం రాకు."

"రాకపోతే ఎలా? నాలుగింటికల్లా చీటీలు అతికించి ఉండకపోతే ఫొటోలు గోడెక్కవని ఆ ప్రదర్శన హాలావిడ తెగేసి చెప్పింది. ఎక్కడ తీశారు, ఎంత మేర తీశారు. రెండు ముక్కలు! ఆస్తి రాసిమ్మని అడిగిందా?"

ఫ్రేముల కొట్టు వెనకగదిలో అక్కాతమ్ముళ్ల మధ్య ఈ గొడవ పొద్దుటి నుంచి నడుస్తోంది. తమ్ముడు కట్టిన పన్నెండు ఫ్రేముల్లో అక్క తీసిన పన్నెండు ఫొటోలు గోడకు ఆనుకుని ఉన్నాయి. యాభై ఎనిమిదేళ్లకు ఆమెకు దొరికిన మొదటి ప్రదర్శన అది. మరొకటి దొరుకుతుందన్న ఆశ ఇద్దరిలో ఎవరికీ లేదు.

అక్క ముప్పై ఏళ్లు ఆనకట్టల మరమ్మతు ఆఫీసులో ఫొటోగ్రాఫరుగా పనిచేసింది. మనుషులను తీయడం కాదు, పగుళ్లను తీయడం ఆమె ఉద్యోగం. మట్టికట్ట బీటలు వారినా, ఒండ్రు ఎండి పెచ్చులు లేచినా పక్కన నలుపు తెలుపు గళ్ల స్కేలు పెట్టి, నిచ్చెనెక్కి తీయాలి. స్కేలు లేని ఫొటో ఆ ఆఫీసులో చెల్లదు. పగులులో వేలు పడుతుందో మనిషే పడతాడో తెలియకపోతే ఇంజినీరు మరమ్మతుకు ఏమని రాస్తాడు?

చేరిన మూడో ఏడు ఒకరోజు ఆమె స్కేలు పెట్టడం మరిచిపోయింది. ఇంజినీరు ఆ ఫొటో పట్టుకుని గదిలోంచి అరుచుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, ఇవి కొండలా, బురదపెళ్లలా? విమానమెక్కి తీశావా?" అరుస్తూనే కిటికీ దగ్గరికి వెళ్లి ఫొటోను వెలుగుకు ఎత్తాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇది నేనుంచుకోనా?" అని అడిగాడు.

ఆనాటి నుంచి అక్క ప్రతిచోటా రెండేసి ఫొటోలు తీసింది. స్కేలుతో ఒకటి ఆఫీసుకు, స్కేలు తీసేసి ఇంకొకటి తనకు. సెలవురోజుల్లో తమ్ముడిని వెంటేసుకుని ఎండిన చెరువుల్లో, క్వారీల్లో, ఉప్పుమళ్లలో తిరిగేది. నిచ్చెన అతని భుజాన ఉండేది.

"పెళ్లిళ్లకు తీస్తే నాలుగు రాళ్లు వస్తాయి కదే! ఈ మట్టిని ఏమని నవ్వమంటావు?" అని అమ్మ దెప్పేది.

"మట్టి కళ్లార్పదమ్మా" అనేది అక్క.

ఆ ఫొటోల్లో ఏముందో తమ్ముడికి ఏనాడూ అంతుపట్టలేదు. అతనికి తెలిసింది ఫ్రేము. ఎటు పైన, ఎటు కింద అని అడిగేవాడు. వెనక పెన్సిలుతో బాణం గీసుకుని కొక్కెం బిగించేవాడు. అక్కడితో అతని పని అయిపోయేది.

రెండున్నరకు అక్క మెత్తబడింది. "సరే, ఇటు తగలెయ్" అని చీటీలు లాక్కుని, ఫొటోల వివరాలు రాసుకున్న తన పాత పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టింది. ఎండిన చెరువు, జానెడు. క్వారీ గోడ, ముప్పై అడుగులు. ఉప్పుమడి, అరచేయంత. తమ్ముడు ఒక్కొక్కటే అందుకుని అతికించసాగాడు. మూడో చీటీ దగ్గర అతనికి ఏదోలా అనిపించింది. నిమిషం క్రితం నదిలా ఉన్నది, అరచేయంత అని చదవగానే బురదై కూర్చుంది. ఇన్నాళ్లూ తాను నదిని చూస్తున్నానని అతనికి అప్పటిదాకా తెలియనే తెలియదు. నాలుగో చీటీకి చెయ్యి చాచాడు.

చివరి ఫొటో దగ్గర అక్క పెన్ను ఆగిపోయింది.

బూడిదరంగు నేల. దాన్ని చీల్చుకుంటూ ఒక తెల్లని గీత. ఒకచోట రెండుగా విడిపోయి, మళ్లీ కలిసి, అంచు దాటి పోతోంది. దానికి అటువైపు మడతలు, ఒకదాని వెనక ఒకటి, నల్లబడేదాకా.

"ఇదెక్కడిదిరా?"

"కొండ మీంచి తీశావుగా. లోయ. కింద ఏరు ఎండిపోయి..."

"కాదు. నిచ్చెన రెండో మెట్టు మీంచి తీశాను. బురద మీద ఉప్పు పేరుకుంటే..."

"నిచ్చెన మోసినవాణ్ణి నేను!"

"తీసినదాన్ని నేనురా!"

పుస్తకంలో ఆ ఫొటో తీసిన రోజు ఉదయం కొండకు, మధ్యాహ్నం ఉప్పుమళ్లకు వెళ్లినట్టు ఉంది. మేర అన్నచోట నీళ్లు పడి సిరా అలుక్కుపోయింది. భూతద్దం తెచ్చారు. ఒక గడ్డిపరకో, ఒక చెట్టో కనబడితే తేలిపోతుంది. అక్క ఒక నల్లచుక్క మీద వేలు పెట్టింది.

"చీమ" అంది.

తమ్ముడు వంగి చూశాడు. చీమే కావచ్చు. ఇల్లంత బండరాయీ కావచ్చు.

అతను భూతద్దం బల్ల మీద పెట్టి, వీపుకు గోడ తగిలేదాకా వెనక్కి నడిచాడు. ఫొటో లోయ అయింది. మరుక్షణం అది అరచేతిలో పట్టే పెచ్చు అయింది. మళ్లీ లోయ. తాను ఎంత ఎత్తున నిలబడి చూస్తున్నాడో, అసలు తానెంతవాడో అతనికి అంతు చిక్కలేదు. ఈ ఫొటో పదిహేనేళ్లుగా ఇదే గదిలో ఉంది. తన చేతులతోనే రెండుసార్లు దానికి అద్దం మార్చాడు.

"అక్కా, ఇది నిజంగా నువ్వే తీశావా?" అన్నాడు. వెక్కిరింపు కాదు.

అక్క కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి మళ్లీ తగిలించుకుంది. పరాయివాళ్ల ఫొటో ముందు కూర్చున్నట్టు నోరు కొద్దిగా తెరుచుకుని చూస్తోంది. ముప్పై ఏళ్లలో ఆమె ముఖం అలా ఉండగా అతను చూడలేదు. కొట్టు ముందు ఎవరో వచ్చి, రెండుసార్లు పిలిచి, వెళ్లిపోయారు. ఇద్దరూ కదల్లేదు.

మూడుంపావుకు ఫోను మోగింది. హాలావిడ.

"చీటీలు అయ్యాయా అండీ? పన్నెండుకీ సరిపడే బండి పంపమంటారా?"

"చిన్న బండి చాలు" అంది అక్క, ఫొటో మీంచి చూపు తిప్పకుండా. "ఒక్కటే ఇస్తున్నాను. అది ఎక్కడిదో, ఎంత మేరదో నాకు తెలియదు, చీటీ మీద అదే రాస్తాను. మిగతా పదకొండూ ఎంతో నాకు తెలుసు, అవి ఇవ్వను."