గేదె వెంట నడిచిన గూడబాతు

ఈ ఉదయం బడికి బయలుదేరబోతుంటే తడిసిన ఈకల వాసన ముక్కుకు తగిలింది. పక్కింటి కోళ్లు వానకు మా వరండాలోకి చేరి రెక్కలు దులుపుకుంటున్నాయి. ఆ వాసనతో పాటు తడ దగ్గరి పల్లెలో లెక్కల టీచరుగా నా మొదటి ఉద్యోగం, అక్కడ నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు మార్తమ్మక్క గుర్తొచ్చింది.

మార్తమ్మక్క ఒంటరి మనిషి. ఒక గేదె, కొన్ని కోళ్లు, ఆదివారం ప్రార్థన, అంతే ఆమె లోకం. నేను నెల్లూరు టౌన్లో పెరిగినదాన్ని. కోడి ఎదురొచ్చినా ఆగిపోయేదాన్ని. "అది నిన్ను చూసి భయపడతాంది, నువ్వు దాన్ని చూసి భయపడతాండావు. ఎవురో ఒకరు నడవండి టీచరమ్మా," అని నవ్వేది.

చలికాలంలో ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, పెలికాన్లనే పెద్ద నీటిపక్షులు, పిల్లలను పెంచుతాయి. ఆ ఏడు గాలివానకు ఒక పిల్ల గూటి నుంచి జారిపడింది. కుక్కలు చుట్టుముడితే మార్తమ్మక్క వాటిని అదిలించి, పిల్లను గోనెసంచిలో చుట్టి తెచ్చింది. అటవీ శాఖ ఉద్యోగి వచ్చి చూసి, రెక్క వాచిందే గానీ విరగలేదనీ, కోలుకునేదాకా అక్కడే ఉంచమనీ చెప్పి వెళ్లాడు.

పెరట్లో పెద్దరికమంతా ఒక ఎర్ర పుంజుది. అది మెడ ఈకలు నిక్కించి కొత్త అతిథి మీదికి దూకింది. గూడబాతు తొణకలేదు. నోరు తెరిచి, పుంజు తలను ముక్కు కింది సంచిలోకి తీసుకుని, రుచి నచ్చనట్టు వదిలేసింది. పుంజు చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడింది.

"పాపం, లోపలంతా చీకటిగా ఉన్నట్టుండాది," అంటూ మార్తమ్మక్క నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడింది. మర్నాడు పుంజు కూయలేదు. నేను బడికి ఆలస్యంగా వెళ్లాను.

వాపు తగ్గాక గూడబాతు గేదె వెంట పడింది. గేదె చెరువుకు బయలుదేరితే వెనకే తూలుకుంటూ నడిచేది. నీళ్లలో దాని వీపెక్కి కూర్చునేది. మొదట్లో బుసకొట్టిన గేదె, తర్వాత్తర్వాత పిల్ల వెనకబడితే దారిలో ఆగి చూసేది. ఊరంతా నవ్వేది. కానీ గూడబాతు ఎగిరేది కాదు, వేటాడేది కాదు. ఆకలేస్తే మార్తమ్మక్క ముందుకొచ్చి నోరు తెరిచేది. ఎండలు ముదిరాయి. పిల్లలు ఎగరడం నేర్చి చెట్ల మీది గూళ్లు ఖాళీ అవుతూ వచ్చాయి; ఇక గుంపు చెరువు విడిచి వెళ్లే కాలం.

ఒకనాడు మార్తమ్మక్క దానికోసం తెచ్చే చేపల బకెట్ మీద మూత పెట్టేసింది. గూడబాతు బకెట్ చుట్టూ తిరిగింది, ఆమె చీర కుచ్చిళ్లు లాగింది. నాకు చూడబుద్ధి కాలేదు.

"ఒక్క చేపైనా వెయ్యక్కా. చచ్చిపోతుంది."

"నాకు మాత్రం మనసొప్పతాందా? నా చేతిలో తింటే నాకే బాగుంటాది. గుంపు పోయినాక దానికి ఈడ ఎవురుండారు? కుక్కలుండాయి." ఆమె బకెట్ మూతను ఇంకా గట్టిగా నొక్కింది. "చెరువులో చేపలుండాయి. ముంచనీ నోరు."

మరునాడు కూడా మూత తీయలేదు. తానూ సరిగా తినలేదు. ఆ సాయంత్రమే గూడబాతు చెరువులో ముక్కు ముంచింది. మొదట నాచు వచ్చింది, తర్వాత ఎవరిదో పాత చెప్పు, చివరికి ఒక చేప. గట్టు మీద మార్తమ్మక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

కొన్నాళ్లకు, గుంపు చెరువు మీద చుట్లు తిరుగుతున్న ఒక పొద్దున, అది గేదె వీపు మీద నిలబడి రెక్కలు విప్పింది. నీళ్లలో పడింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ పడింది. మూడోసారి గాలి దాన్ని పట్టుకుంది.

"పో తల్లీ. ఎనక్కి చూడబాక," అంది మార్తమ్మక్క. గేదె తలెత్తి ఒక్క అరుపు అరిచింది. ఆమె మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి దాని మెడ నిమిరింది. "నీకూ అట్టనే ఉండాదా?" అని అడిగింది. ఆమె కళ్లు తుడుచుకోవడం చూసి నేను తల తిప్పుకున్నాను.

మార్తమ్మక్క పోయి కొన్నేళ్లయింది. నేనిప్పటికీ లెక్కలే చెబుతున్నాను. బోర్డు ముందు ఏ పిల్లయినా లెక్క మధ్యలో ఆగిపోతే జవాబు నా నాలుక చివరిదాకా వస్తుంది. పిల్ల నా వైపు దీనంగా చూస్తుంది. ఆ చూపును తట్టుకోవడం ఇన్నేళ్లయినా నాకు అలవాటు కాలేదు. అయినా పెదవి విప్పను. సుద్దముక్క మళ్లీ కదిలేదాకా అక్కడే, ఆ పిల్ల పక్కనే నిలబడతాను.