మంచిరోజులతో ఆ-మావ్ తంటా

ఫెంగ్‌యువాన్ చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా షామియానా నాదే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, ఒకసారి తుఫాను గాలికి నా షామియానా లేచి, నది దాటి, అవతలి ఊళ్లో ఇంకో పెళ్లి మీద వాలింది. అక్కడివాళ్లు తాము వేయించుకున్నదే అనుకుని భోజనాలు కానిచ్చేశారు. ఒక్క గుంజ కూడా వంగలేదు.

నాతోపాటు పాలిటెక్నిక్‌లో చేరిన ఆ-మావ్ మాత్రం, పాపం, చదువు పూర్తి చేశాడు. నేను రెండో ఏడే బయటికొచ్చేశాను. నాకు చెప్పడానికి కాలేజీ దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఆ-మావ్ అసలు పేరు త్వాన్ చెంగ్-మావ్. మరలూ బేరింగులూ చేసే ఒక కంపెనీలో సర్వర్ల గది వాడి చేతికింద ఉంటుంది. వారమంతా చలి గదిలో స్వెట్టరేసుకుని తెర ముందు కూర్చుంటాడు. శనాదివారాల్లో మేనత్త సియోక్-తిన్ దగ్గర రబ్బరు బూట్లేసుకుని, మెడలో తువ్వాలుతో, మనిషెత్తు ఆవిరి బుట్టల మధ్య చెమటలు కక్కుతాడు. అత్త వంటమేస్త్రి. వీధి మధ్య నేను షామియానా వేస్తే, దాని వెనక పొయ్యిలు పెట్టి నలభై బల్లలకు వడ్డించగలదు.

రెండో పని సంగతి ఆఫీసులో తెలియదు. వాళ్ల లియావ్ మేనేజరుకు అది గిట్టదు. తనకు చెప్పకుండా ఇంకో పని చేస్తున్నాడని అంతకుముందు ఒకణ్ణి పంపించేశాడు. ఆ-మావ్‌కు రెండూ కావాలి. రెండింట్లో ఏది పోయినా వాడికి గడవదు. గడవకపోవడమంటే తిండి సంగతి కాదు. అదేమిటో వాడికీ తెలీదు, నాకూ సరిగ్గా తెలీదు. తెలిసినంతవరకు చెబుతాను.

ఒకప్పుడు అందరూ వాడి మీద పడ్డారు. రెండు పనులు చేస్తే గుల్లయిపోతావన్నారు. చివరికి అత్తే, "కొన్నాళ్లు నా వైపు రాకు, పడుకో," అని తరిమేసింది. మూడు నెలలు వాడు శనాదివారాలు పడుకున్నాడు. పడుకున్నకొద్దీ కళ్లకింద నలుపెక్కింది. సోమవారం వచ్చేసరికి ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి, ఎక్కాలా దిగాలా అన్నట్టు చూసేవాడు. డాక్టరు విటమిన్లు రాశాడు. ఒకరోజు వాళ్లింటికి వెళ్తే ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలికి చూస్తూ, "ఇదేమిటి, ఇంత నిశ్శబ్దంగా ఉంది?" అన్నాడు. ఇంకో వారం ఆగితే ఫ్రిజ్ బదులు చెప్పేదే.

అంతలో ఒక బారసాల విందుకు అత్త దగ్గర మనిషి తక్కువయ్యాడు. నేను వీణ్ణి లారీలో పడేసుకుని తీసుకెళ్లాను. పొద్దుటినుంచీ పళ్లేలు మోశాడు. సాయంత్రం మిగిలిన వంటకాలన్నీ కలిపి కాచిన పులుసు మూడు గిన్నెలు తాగాడు. సోమవారం ఈలేసుకుంటూ ఆఫీసుకెళ్లాడు.

"ఒరేయ్ షోంగ్, పడుకుంటే అలసట, మోస్తే విశ్రాంతి. నాలో ఏదో వైరు తిరగేసి బిగించినట్టున్నారురా," అన్నాడు.

"పుట్టినప్పుడు మీ అత్తే బిగించి ఉంటుంది," అన్నాను.

మరి చిక్కెక్కడ వచ్చింది? పనిగంటల్లో రాలేదు, పంచాంగంలో వచ్చింది. లియావ్ మేనేజరు పెద్ద చదువు చదివినవాడే గానీ, కొత్త యంత్రం పెట్టాలన్నా పాతది జరపాలన్నా పంచాంగం చూడందే వేలు కదపడు. పెళ్లివాళ్లు చూసేదీ ఆ పంచాంగమే. మంచిరోజు అందరికీ మంచిరోజే కదా! ఏ రోజు ఆఫీసులో సర్వరు జరపాలో, సరిగ్గా ఆ రోజే అత్తకు పెళ్లి. అలా అయినప్పుడల్లా ఆ-మావ్ సెలవడిగేవాడు. పెదనాన్న మనవరాలి పెళ్లి అనేవాడు, పిన్ని ఆడపడుచు పెళ్లి అనేవాడు, బాబాయి బావమరిదికి రెండో పెళ్లి అనేవాడు. వాడు పెళ్లిళ్లు చేసిన చుట్టాలందర్నీ ఒకచోట చేరిస్తే వాళ్లకో రైల్వే స్టేషను కావాలి. లియావ్ మంచివాడు. నమ్మేవాడు. వాళ్లావిడ ఒక్కో పెళ్లికూతురికీ పూలపూల బొంత కూడా పంపేది.

ఆ శనివారమూ అంతే. కంపెనీలో పాత సర్వర్లు తీసి కొత్తవి మొదలుపెట్టాలి. మధ్యాహ్నం దాటేలోపే మంచి ఘడియ. మీట నొక్కడానికి లియావ్ తనే ఉంటానన్నాడు, కానీ ఒక పని ఆ-మావ్‌కు అప్పగించాడు. మా దగ్గర సర్వరు నెత్తిన ఆకుపచ్చ పొట్లం ఒకటి ఉండాల్సిందే. కొబ్బరి వాసనేసే మొక్కజొన్న చిరుతిండి అది. 'బుద్ధిగా ఉండు' అని దాని పేరు. ఆకుపచ్చదైతే యంత్రం బుద్ధిగా నడుస్తుంది. పసుపుదో ఎర్రదో పెట్టావా, మొరాయిస్తుంది. పొట్లం మీది తారీఖు కూడా దాటకూడదు. లియావ్‌కు ఇవీ చాలవు. ఆ ఉదయమే గుడిలో అగరుధూపం మీద తిప్పిన పొట్లాలే కావాలి.

"అవి తెచ్చిచ్చి నీ పెళ్లికి పో. సోమవారం నీతో మాట్లాడాలి. టీం లీడర్‌గా నీ పేరే అనుకున్నాను," అన్నాడట.

ఆ-మావ్ పొద్దున్నే గుడికి వెళ్లాడు. పనివాళ్ల పిల్లలకు పసుపు పొట్లాలు కొనమని అత్త చెప్పింది కాబట్టి అవీ కొన్నాడు. రెండూ ఒకేలాంటి ఎర్రచారల సంచుల్లో వేసి, స్కూటరుకు చెరోపక్క తగిలించాడు. కుడిపక్క సంచి ఆఫీసు గేటులో ఇచ్చి, ఎడమపక్కది పట్టుకుని షామియానాకు వచ్చాడు. వాడికి కుడి ఎడమలు స్కూటరు ఎక్కినప్పుడొకటి, దిగి ఎదురుగా నిలబడినప్పుడొకటి.

పొయ్యిలు వెలిగాక ఆ-మావ్ ఫోను ముట్టుకోడు. అది వాడి కట్టుబాటు. ఫోను నా దగ్గరుంటుంది. అది మోగింది.

"త్వాన్ ఎక్కడ?" లియావ్ గొంతు.

"పెళ్లిలో ఉన్నాడండీ."

"ఎవరి పెళ్లి?"

"పెళ్లికూతురిదండీ."

"అవతల కొంప మునుగుతోంది! పసుపు పొట్లాలు తెచ్చాడు! బుద్ధున్నవాడు ఎవడైనా సర్వరు మీద పసుపుది పెడతాడా? ఇక్కడ మీట ముట్టుకోవడానికి ఒక్కడూ ముందుకు రావడం లేదు. గుడిలో తిప్పినవి ఏవి?"

నేను పొయ్యిల వైపు చూశాను. ఒక్కో ఆవిరి బుట్ట మీదా, ఒక్కో గ్యాసు బండ మీదా ఒక్కో ఆకుపచ్చ పొట్లం పట్టాభిషేకం చేసుకుని కూర్చుంది. సంచి విప్పిన అత్త దేవుడే పంపాడనుకుని సర్దేసింది. ఎప్పుడూ నాలుగు అగ్గిపుల్లలు తినే మూలపొయ్యి ఆవేళ ఒక్క పుల్లకే అంటుకుంది కూడా.

నాకున్న తెలివి ఇంకొకరికుంటే ఏదో అబద్ధం చెప్పేవాళ్లు. నేను ఇంకా ముందుకాలోచించాను. "ఇక్కడే భద్రంగా ఉన్నాయండీ, మీరే వచ్చేయండి," అని వీధి పేరు చెప్పాను. ఎందుకు చెప్పానంటే... అదిప్పటికీ నాకు పూర్తిగా బోధపడలేదు. కానీ కథ గట్టెక్కింది దానివల్లే.

లియావ్ వచ్చాడు. నెత్తిన హెల్మెట్టు, మెడలో టై. సరిగ్గా అప్పుడే ఆవిరిలోంచి బూట్లతో, తువ్వాలుతో, చేతుల్లో చేపల పళ్లెంతో ఆ-మావ్ బయటికొచ్చాడు.

"త్వాన్?"

"సార్."

"పెళ్లికెళ్తున్నానన్నావు."

"వచ్చాను కద సార్."

"పెళ్లికూతురు నీకేమవుతుంది?"

ఆ-మావ్ నా వైపు చూశాడు. "వరసకు చెల్లెలండీ," అన్నాను నేను చటుక్కున.

"ఏమీ కాదు సార్," అన్నాడు వాడు. "పేరు కూడా ఇందాకే విన్నాను. అదీ సరిగ్గా వినలేదు."

"మరి ఇన్నాళ్లూ ఆ పెదనాన్న మనవరాలూ, పిన్ని ఆడపడుచూ..."

"ఎవరూ లేరు సార్. ఉన్నది ఒక్క అత్త."

"ఆ ఒక్క అత్తను నేనే," అంది అత్త గరిటెతో సహా వచ్చి. "ఎవరు నాయనా నువ్వు? ఎండలో నిలబడ్డావేం?"

లియావ్ ముఖంలో కోపం రావాలో ఏడుపు రావాలో తేలలేదు. "మా ఆవిడ బొంతలు పంపిందే!"

"ఓ, ఆ బొంతలు మీవా!" అత్త ముఖం వెలిగిపోయింది. "చూడు, అన్నం గంగాళానికి చుట్టాను. ఆవిరి ఇంత కూడా పోదు. మీ ఆవిడ చేతిది మంచి గుడ్డ."

గంగాళం చుట్టూ ఎర్రటి పూల బొంత, దాని మీద ఇంకో బొంత. లియావ్ పై బొంత అంచు పట్టుకుని చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"త్వాన్, ఘడియ దాటిపోతోంది. పొట్లాలు తీసుకుని ఇప్పుడే నా వెంట రా. వస్తే నేనేమీ చూడలేదు, సోమవారం నువ్వు లీడర్‌వి. రాకపోతే సోమవారం అసలు రావద్దు."

"మండుతున్న పొయ్యి మీది పొట్లం తీస్తారా!" అంది అత్త. "మంట అలగదూ? అయినా వాడెక్కడికొస్తాడు? వచ్చే ఏడు ఈ గరిటె వాడి చేతికే ఇస్తున్నాను."

ఆ మాట వాడికే కాదు, నాకూ కొత్త. ఆ-మావ్ పళ్లెం పట్టుకునే నిలబడ్డాడు. ఒకపక్క హెల్మెట్టు, ఒకపక్క గరిటె. లోపల బుట్టలో చేపలు. వాడు బుట్టల వైపు తిరిగి చూశాడు.

"సార్, చేపలు దిగాక వస్తాను."

"ఘడియ?"

"ఇప్పుడు వదిలేస్తే చేప బిరుసెక్కుతుంది సార్. అదీ ఘడియే." వాడు అత్త వైపు తిరిగాడు. "అత్తా, నాకు గరిటె వద్దు." మళ్లీ లియావ్ వైపు తిరిగాడు. "సార్, లీడరూ వద్దు. అక్కడ బుర్ర పని చేస్తుంది, చేతులు ఊరికే ఉంటాయి. ఇక్కడ అత్త చెప్పింది మోస్తాను, బుర్ర పడుకుంటుంది. అందుకే రెండూ చేయగలుగుతున్నాననుకుంటా. రెండు పనులు చేస్తాను గానీ, రెండుచోట్లా పెత్తనం చేయలేను. ఒకచోట కూడా చేయలేనేమో. నాకు సరిగ్గా చెప్పడం రావట్లేదు. చేప చూడాలి."

అని ఆవిరిలోకి వెళ్లిపోయాడు.

ఇద్దరు పెద్దవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఎవరూ పుచ్చుకోని బహుమతి ఉంది. చివరికి అత్తే తేరుకుని, "తిన్నావా నాయనా?" అంది.

"లేదమ్మా," అన్నాడు లియావ్. గొంతు చిన్నపిల్లాడిలా పలికింది.

ఏడో బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఆయన్ని కూర్చోబెట్టేశాం. టై చూసి పెళ్లికూతురి మేనమామ అనుకున్నారో ఏమో, బల్లంతా లేచి గ్లాసులెత్తారు. ఆయన వద్దు వద్దంటూనే లేచి తాగాడు. పక్క బల్లవాళ్లూ పిలిచారు. చేప వచ్చేసరికి పెళ్లికొడుకు భుజం మీద చేయి వేసి, సంసారం ఎలా చేయాలో చెబుతున్నాడు. మంచి ఘడియ ఎప్పుడు దాటిందో ఆయన గమనించలేదు. ఆయన బల్ల మీద వదిలేసిన ఫోనులో ఆఫీసువాళ్ల పిలుపులు నేను లెక్కపెడుతూ ఊరుకున్నాను.

తర్వాత నేనే ఇద్దర్నీ లారీలో ఆఫీసుకు తీసుకెళ్లాను. పొట్లాలు ఆవిరికి తడిసి, అల్లం, ఉల్లికాడల వాసనేస్తున్నాయి. ఘడియ చూస్తే పంచాంగంలో ఆ రోజుకల్లా చెత్తది. లియావ్ చూడలేక గోడవైపు తిరిగాడు. ఆ-మావ్ ఒక్కో సర్వరు నెత్తినా పొట్లం పెట్టి మీట నొక్కాడు. అన్నీ ఒక్క దెబ్బకు లేచాయి. మూడో అంతస్తు ప్రింటరు మాత్రం ఆ రోజునుంచి భోజనాలవేళ అయితే చాలు, కాగితం నములుతోంది. కావాలంటే వెళ్లి చూసుకోండి.

సోమవారం ఆ-మావ్ ఆఫీసుకెళ్లాడు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "ఒరేయ్, నన్ను తీసేశాడా?" అన్నాడు.

"నన్నడుగుతావేంట్రా? ఆయన్నడగలేదా?"

"అడిగితే చెప్పేస్తాడేమోనని."

మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. లియావ్ ఎదురైతే తలూపుతాడు, వాడూ తలూపుతాడు. ఉన్నాడో పోయాడో తెలియకుండానే వారం పనిచేశాడు. శుక్రవారం ఇంకెవరినో లీడర్‌ని చేసినట్టు బోర్డు మీద పెట్టారు. దాన్ని మంచి కబురనుకోవాలో చెడ్డదనుకోవాలో తేల్చుకోలేక బోర్డు ముందు నిలబడి నాకు ఫోను చేశాడు. నేనూ తేల్చలేకపోయాను. ఇలాంటివి తేల్చడంలో ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడని గుర్తుంచుకోండి.

శనివారం పొయ్యిలు పెడుతుంటే ఈసారి అత్త ఫోను మోగింది. వంటలారీ మీద నంబరు రాసుంటుంది కదా, అది చూసి చేసినట్టున్నాడు లియావ్. అత్త చేతులు నూనెతో ఉన్నాయి, ఫోను నేను ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాను. అందుకే రెండువైపులా విన్నాను.

"అమ్మా, నేను లియావ్‌ని. వచ్చే నెల ఇంకో నాలుగు సర్వర్లు జరపాలి. త్వాన్ ఉండాలి. మీకు పెళ్లిళ్లు లేని రోజు... అంటే... చెడ్డరోజు ఏదైనా ఉందా?"

ఆవిరి బుట్ట కింద మంట సరిచేస్తున్న ఆ-మావ్ చేయి ఆగిపోయింది. వినిపించింది వాడికీ.

అత్త పొయ్యి పక్కన వేలాడుతున్న పంచాంగాన్ని తిప్పమని నాకు మోచేత్తో సైగ చేసింది. తిప్పాను. కళ్లు చికిలించి చూసింది.

"పన్నెండో తారీఖు పరమ దరిద్రం నాయనా," అంది. "ఎవ్వరూ అడగలేదు. నువ్వు తీసుకో."