ఎనిడ్ తిన్న నా గుడ్డు

ఎనిడ్ స్కార్‌గిల్ గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసి బతికిన మనిషి. యుద్ధం వచ్చాక మా లింకన్‌షైర్ విమానస్థావరంలో వంటకు కుదిరింది. మామూలు రోజుల్లో అందరికీ గుడ్ల పొడే కలిపి పెట్టేది. బాంబులు వేసి తిరిగొచ్చినవాడికి మాత్రం అసలైన గుడ్డు, మనిషికొకటి. ఒక్కో విమానానికి ఒక్కో గిన్నె, అందులో ఏడు గుడ్లు.

అందుకే బయల్దేరే ముందు ఒకరినొకరం ఏడిపించుకునేవాళ్లం: "నువ్వు రాకపోతే నీ గుడ్డు నాదేరోయ్!"

నేను విమానం తోకలో కూర్చునే తుపాకీవాణ్ణి. నా గుడ్డు మాత్రం ఎనిడ్‌కే రాసిచ్చేవాణ్ణి.

"నేను రాకపోతే నువ్వే తినాలమ్మా. పారేశావో, దయ్యమై వస్తా."

"నీ మొహానికి దయ్యం కూడానా! ముందా బూట్లు తుడుచుకో, పోకిరీ వెధవా."

ముప్ఫై దాడులు చేస్తే మా ఏడుగురికీ విడుదల. ముప్ఫయ్యోదానికి వెళ్తున్న సాయంత్రం మా పక్కబల్ల దగ్గర ప్రిడ్డీ ఉన్నాడు. కొత్త జట్టులో తోక తుపాకీవాడు, అతనికదే మొదటి దాడి. మా మాటలు విని నవ్వాడు.

"అయితే నా గుడ్డు నీకే అన్నా! లెక్క సరిపోతుంది."

"నాకొద్దు నాయనా. నువ్వే వచ్చి తిను," అన్నాను.

తిరిగొస్తుంటే మా ఇంజను ఒకటి కాలిపోయింది. దక్షిణ తీరంలో వేరే స్థావరంలో దిగాం. దిగామన్న కబురు దారిలో ఎక్కడ చిక్కుకుందో మావాళ్లకు చేరలేదు. మధ్యాహ్నానికి లారీలో వచ్చి, పాటలు పాడుకుంటూ భోజనశాలలోకి జొరబడ్డాం.

ఎనిడ్ ఒక్కతే మా బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఒకే కంచం. ఏడుస్తూ తింటోంది. గడ్డం మీద పచ్చసొన.

నా కాళ్లు ఆగిపోయాయి. పొద్దుటినుంచీ నేను చచ్చిపోయి ఉన్నానన్నమాట! ముప్ఫై దాడులు దాటి బతికొచ్చినవాడి నోట మొదట వచ్చిన మాటేమిటో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే:

"అది నా గుడ్డు!"

ఎనిడ్ చేతిలో ఫోర్కు నామీదకి ఎగిరింది. వెనకే చెంపదెబ్బ. ఆ తర్వాత నన్ను కావలించుకుంది, మరి వదల్లేదు.

మా గిన్నెలో ఆరే మిగిలాయి. ఆరుగురికీ వేయించింది. ఏడోదానికి ఒక్క క్షణం ఆగి, పక్కబల్ల జట్టు గిన్నెలోంచి ఒకటి తీసింది. ఆ గిన్నెలో అప్పటిదాకా ఏడూ అలాగే ఉన్నాయి.

"అదెవరిదమ్మా?"

ఆమె నావైపు చూడలేదు. పెనం మీద గుడ్డు పగలగొట్టింది.

"నీకిచ్చి వెళ్లాడుగా. నేను తిన్లేదూ? తిను."

తిన్నాను.