వెల్డా చేతికి తగిలిన కుదుపు

వెల్డా కాంబ్స్ ఒక్క చోట కూర్చున్నది చూశామని హామిల్టన్ ఊళ్లో ఎవరూ చెప్పలేరు. ఆదివారం చర్చిలో కూడా వెనక గోడకి ఆనుకుని నిలబడేది. పాట మొదలైతే కాలు మార్చేది, ప్రసంగం మొదలైతే బయటికెళ్లి కార్ల టైర్లు చూసుకుంటూ తిరిగేది. మొగుడు పన్నెండేళ్లు ఓపిక పట్టి, "నీతో కాపురం బస్టాండులో కాపురంలా ఉందే" అని ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. వెల్డా ఏడవలేదనరు గానీ, ఏడుస్తూనే ఇల్లంతా ఊడ్చిందంటారు.

కార్ల ముందు చక్రాలు సరిచేయడం ఆమె పని. ఇరవై రెండో ఏట టైర్ల కొట్లో చేరింది. అప్పట్లో ఒహాయోలో కార్ల కింద పనిచేసే గుంతలోకి ఆడమనిషి దిగడమే వింత. యజమాని మొదట టైర్లకి గాలి పట్టమన్నాడు. ఒకసారి వెల్డా ఎవరిదో కారు తోలి తెచ్చి, "కుడి చక్రం కొద్దిగా లోపలికి చూస్తోంది" అంటే ఆయన నవ్వి, కొలిచి చూశాడు. కొలిచాక నవ్వలేదు. ముప్పై అయిదేళ్లు గడిచాయి. ఇప్పుడు కాగితపు మిల్లు వెనక సందులో ఒక్క కారు పట్టే సొంత షెడ్డు ఉంది ఆమెకి.

2006 మే నెలలో ఎల్డన్ ప్రూయిట్ మాస్టారు తన షెవెల్ కారుని ఆ షెడ్డు ముందు ఆపాడు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు రేఖాగణితం చెప్పి రిటైరైన మనిషి. వెల్డా తమ్ముడు లాయల్‌కి కూడా చెప్పాడు, చెవి మెలిపెట్టి మరీ. ఆ కారు అరవై తొమ్మిదిలో, పెళ్లికి ముందు, కొత్తగా కొనుక్కున్నాడు. బండి తిన్నగా పోయేటప్పుడు పిడుగే, మలుపులో మాత్రం ఒక పక్కకి ఒరిగిపోయేది.

"మా క్లబ్బులో ఇలాంటి కార్లు ఇరవై దాకా ఉన్నాయమ్మా. అందరూ ముందు సస్పెన్షన్ మార్పిద్దామంటున్నారు. మూడు రకాల సెట్లు తెప్పించాం. ఒక్కొక్కటీ ఈ కారుకే బిగించి, తోలి, ఏది మంచిదో నువ్వే రాసివ్వాలి. నువ్వేది చెబితే అదే కొంటాం" అన్నాడు మాస్టారు.

"మూడోది ఎవరిది?"

"మీ లాయల్‌దే."

వెల్డా చేతిలోని గుడ్డ రెండు మడతలు పెట్టి, మళ్లీ విప్పింది. లాయల్ ఆమె కన్నా పదకొండేళ్లు చిన్న. తల్లి పోయాక వాణ్ణి తనే పెంచింది. నదికి అవతల షెడ్డు వేసుకుని, ఆరుగురు వెల్డర్లతో పాత కార్లకి ముందు చక్రాలని పట్టి ఉంచే ఆర్ములు, స్పిండిళ్లు చేసి అమ్ముతున్నాడు.

"నా తమ్ముడని తెలిసే నన్నడుగుతున్నారా?"

"తెలిసే. నువ్వు వాడికి తక్కువ మార్కులేస్తావేమోనని నా భయం" అన్నాడాయన.

మొదటి సెట్టు కాలిఫోర్నియా నుంచి వచ్చింది. రెండు రోజులు పట్టింది బిగించడానికి. రైలు పట్టాలు దాటగానే మాస్టారు దవడ పట్టుకుని, "నా పళ్లలో సిమెంటు ఊడిందే!" అన్నాడు. మలుపులో బాగుంది, మామూలు రోడ్డు మీద మాత్రం నరకం. రెండోది టెక్సస్‌ది. మెత్తగా, బుద్ధిగా ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి అంచు ఫ్రేముకి రాసుకుంటోంది గానీ అది చిన్న పని, చక్రం మరీ తిరగకుండా అడ్డం పెట్టే చిన్న దిమ్మె మారిస్తే పోతుంది.

లాయల్ సెట్టు జూన్ రెండో వారంలో బిగించింది. డబ్బా విప్పగానే వెల్డా అతుకుల మీద వేలు పెట్టి గీసి చూసింది. అంత నీటుగా ఉంది వెల్డింగు. చక్రాల వరస కొలిచే అలైన్‌మెంట్ మిషన్ మీద పెడితే అంకెలన్నీ రేఖాగణితం మాస్టారు కూడా తప్పు పట్టలేనట్టుగా ఉన్నాయి. నది పక్క రోడ్డు మీద మాస్టారు తనే తోలాడు. ముప్పై ఏడేళ్లుగా ఒరుగుతూ తిరిగిన కారు నేలకి అతుక్కుని తిరిగింది. వెనక్కి వస్తూ, "ఇంకేం చూస్తావమ్మా, రాసెయ్యి. మా పిల్లాడు గెలిచాడు" అన్నాడు.

"ఒక్కసారి నన్ను తోలనివ్వండి."

అదే రోడ్డు. కుడికి తిరిగే మలుపులో బ్రేకు మీద కాలేసింది. అక్కడే ఓ పల్లం ఉంది. కారు అందులోకి దిగి లేచేలోగా స్టీరింగ్ చేతిలో ఒక్క వెంట్రుకంత కదిలింది. కారు ముక్కు ఎదుటి బళ్లు వచ్చే వరస వైపు చూసి, మళ్లీ సర్దుకుంది.

"మీకేమైనా తెలిసిందా మాస్టారూ?"

"ఏం తెలియాలి?"

మళ్లీ తోలింది. ఏమీ లేదు. మళ్లీ తోలింది. ఉందేమో అనిపించింది. పదకొండుసార్లు ఆ మలుపు తిరిగాక మాస్టారు తల పట్టుకుని, "దింపెయ్యమ్మా, నాకు కడుపులో తిప్పుతోంది" అన్నాడు.

తర్వాత రెండు రోజులూ వెల్డా మనసు మనసులో లేదు. పొయ్యి మీద బీన్సు పెట్టి మర్చిపోయి మాడ్చింది. కాగితం మీద లాయల్ పేరు రాసి, పక్కన ఏం రాయాలో తెలియక ఆ కాగితమే చింపేసింది. చేతులకి వయసొచ్చిందేమో అనుకుంది. తమ్ముడి సామాను కాబట్టే కావాలని తప్పు వెతుకుతున్నానేమో అనుకుంది. ఆ రెండో ఆలోచనే ఎక్కువ గుచ్చింది. ఫోను మోగింది.

"అక్కా, రాశావా?" లాయల్ గొంతులో సంబరం.

"లేదు."

"నలభై సెట్లు డబ్బాల్లో పెట్టి కూర్చున్నానే. మాస్టారు అంతా చెప్పాడులే, వెన్న మీద జారినట్టుందట కదా."

"ఉంది."

"మరింకేంటి?"

"నస పెట్టకురా!" అని ఫోను పెట్టేసింది. వెంటనే మళ్లీ చేద్దామనుకుంది గానీ చెప్పడానికి ఏముంది?

మూడో రోజు పొద్దున్నే స్ప్రింగులు రెండూ ఊడదీసింది. స్టీరింగ్ కదలకుండా కట్టేసి, ఎడమ చక్రం ఉండే చోట చదునైన పలక బిగించి, దానికి ముందొకటి వెనకొకటి, వెంట్రుకంత కదిలినా చూపించే కొలత ముళ్లు ఆనించింది. తర్వాత జాకీతో ఆర్ముని అంగుళం అంగుళం పైకెత్తుతూ వచ్చింది. చక్రం పల్లంలో దిగి లేచినప్పుడు తిన్నగా లేవాలి, పక్కకి తిరగకూడదు. మిషన్ నిలబడ్డ కారునే చూస్తుంది, కదిలే కారుని చూడదు.

మొదటి అంగుళానికి ముల్లు కొద్దిగా కదిలింది. రెండో అంగుళానికి ఇంకా. మూడో అంగుళం దగ్గర చక్రం తనంతట తానే బయటి వైపుకి తిరిగిపోయింది. కుడి పక్క కూడా కొలిచింది. అక్కడ ముల్లు అసలు కదలనే లేదు. జాకీ తప్పేమోనని మార్చింది, పలక వంకరేమోనని తిప్పి పెట్టింది. మూడుసార్లూ అదే లెక్క. చివరికి రెండు స్పిండిళ్లూ విప్పి బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే, స్టీరింగ్ కడ్డీ వచ్చి తగులుకునే రంధ్రం ఎడమదానికి పావు అంగుళం తేడాగా ఉంది.

తన చేతులు సరిగ్గానే ఉన్నాయని తెలిసి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత చేతులు తుడుచుకుని, తమ్ముడికి చెప్పడానికి బయల్దేరింది.

లాయల్ షెడ్డుకి వెళ్లేసరికి వాళ్లు మధ్యాహ్నం తిండి తింటున్నారు. వెల్డర్ల ముందు ఎందుకని పక్కకి పిలిచి చెప్పింది. లాయల్ చేతిలోని సాండ్‌విచ్ పక్కన పెట్టాడు.

"నీ షెడ్డు నేల వంకరేమో."

"నేల చూశాన్రా."

"నీ జాకీ..."

"మార్చి చూశా. లాయల్, నా మాట విను. మలుపులో పల్లం తగిలితే ఎదుటి వరసలోకి పోతుందది."

"మాస్టారు ఎనభై మైళ్లు తోలాడు! నీకొక్కదానికే తెలిసిందా?" గొంతు లేచింది. వెల్డర్లు తల తిప్పి చూశారు. "చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు. నేను బూటు లేసు కట్టుకున్నా ఊడదీసి మళ్లీ కట్టేదానివి. బాగుంది అని ఒక్కమాట అనడానికి నీ సొమ్మేం పోయింది?"

వెల్డాకి ఆ లేసుల సంగతి గుర్తుంది. అబద్ధమూ కాదు. "వచ్చి నువ్వే కొలుచుకో" అంది.

రానన్నాడు. మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి బయట ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. లోపలికొచ్చి స్పిండిళ్లు తనే మళ్లీ బిగించాడు. తనే జాకీ పట్టుకున్నాడు, తనే ముళ్లు చూశాడు. మూడో అంగుళం దాకా ఎత్తి, జాకీ దించి, మళ్లీ మొదటి నుంచి ఎత్తాడు. తర్వాత రెండు స్పిండిళ్లూ విప్పి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తన షెడ్డులో వెతికితే లాయల్‌కి తేలింది: రంధ్రం వేసేటప్పుడు ఉక్కుని పట్టి ఉంచే చట్రంలో ఓ చీల అరిగిపోయింది. మార్చి నెల నుంచి చేసిన ఎడమ స్పిండిళ్లన్నీ అంతే. అప్పటికే ఇరవై ఆరు సెట్లు జనం చేతుల్లోకి వెళ్లాయి. లాయల్ ఒక్కొక్కరికీ తనే ఫోను చేశాడు. ఇండియానాలో ఒకాయన నవ్వి పెట్టేస్తే మళ్లీ చేశాడు. టెన్నెస్సీలో డెబ్బై ఏళ్లావిడ, "నా చేతులే ముసలివైపోయాయి అనుకున్నాను బాబూ. మా ఆయన కారు అమ్మేద్దామని నిన్ననే పేపర్లో వేయించాను" అంది. ఈ మాట లాయల్ అక్కకి చెప్పలేదు. అతని దగ్గర పనిచేసే వెల్డరు చెప్పాడు.

వెల్డా క్లబ్బుకి రాసిచ్చింది: టెక్సస్ సెట్టు కొనండి, దిమ్మె మార్పించుకోండి, లాయల్ కాంబ్స్ సెట్టు ఎడమ స్పిండిల్ తప్పుగా ఉంది, సరిచేసేదాకా ఎవరూ బిగించుకోవద్దు. తమ్ముడి పేరు పూర్తిగా రాసింది. పద్నాలుగు మంది టెక్సస్‌ది కొన్నారు. లాయల్ ఇద్దరు వెల్డర్లని పంపించేయాల్సి వచ్చింది. వేసవంతా అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు.

అక్టోబరులో ఓ గురువారం కొత్త చట్రంలో చేసిన సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కొలిచి చూడు."

కొలిచింది. ఎడమా కుడీ రెండూ ముల్లు కదిలీ కదలనట్టున్నాయి. మాస్టారి కారుకి బిగించి నది పక్క మలుపులో తోలింది. అక్కడ చెయ్యి హాయిగా ఉంది.

"బాగుందిరా" అంది దిగుతూ.

లాయల్ మెడ గోక్కున్నాడు. "ఇకనుంచి పదింట్లో ఒకటి నీ దగ్గరికి పంపిస్తా. తప్పుంటే నాకు చెప్పు. అంతమంది ముందు కాదు, నాకు."

"నిన్ను పక్కకి పిలిచే చెప్పాను కదరా."

"అరిచింది నేనేలే" అన్నాడు వాడు, బూటు కొనతో నేల మీద మట్టి గీస్తూ.

అక్కడితో వెల్డాకి మనసు కుదుటపడాలి. పడలేదు. మిషన్ అంకెలు చూసి సంతకం పెట్టి పంపించిన కార్లు ఇంతకు ముందెన్ని? పలక బిగించి కొలవనివి ఎన్ని? పాత బిల్లుల పెట్టె దింపి చూస్తే, అలా బయట కొన్న సస్పెన్షన్ సెట్లు బిగించినవి పదకొండు తేలాయి. ఒక్కొక్కరినీ వెతికి పిలిపించింది, ఊరికే చేస్తానంది. తొమ్మిది కార్లు వచ్చాయి. తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి. పదోదాని యజమాని చనిపోయాడు, కారు ఎవరికి పోయిందో కూతురికి తెలియదు. పదకొండోదాని నంబరుకి చేస్తే ఎవరో కుర్రది ఎత్తింది.

"ఆ ఎర్ర మస్టాంగా? మా నాన్న ఎప్పుడో అమ్మేశారండీ. కెంటకీ వైపు వెళ్లిందనుకుంటా."

"కెంటకీలో ఎక్కడమ్మా?" అని అడిగి, వెల్డా పెన్సిలు అందుకుంది.