అక్క వయొలిన్ శ్రుతి

దయ్యాలను నమ్మడానికి కూడా ఓపిక కావాలి. నాకది ఏనాడూ లేదు. పోయినవాళ్లు తిరిగొస్తారని ఎవరైనా అంటే, "రానివ్వండి, ఇంట్లో బోలెడు పనుంది" అనేదాన్ని.

మా అక్కా నేనూ రాజమండ్రిలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క వయొలిన్ నేర్పేది. మన పద్ధతిలోనే, కింద కూర్చుని, వయొలిన్ తల పాదానికి ఆనించి. కానీ ఆవిడకో పిచ్చి ఉండేది. వయొలిన్, పియానో కలిసి వాయించే ఓ ఫ్రెంచి రచన. ఫోన్‌లో విని నేర్చుకుంది. దానికోసం తీగలను పాశ్చాత్య శ్రుతికి మార్చుకుని, నిలబడి వాయించేది. అయిపోగానే మళ్లీ మన శ్రుతికి తెచ్చేసేది. పియానో వంతు నాది, కీబోర్డు మీద.

మధ్యలో ఒకచోట పియానో ఆగాలి. వయొలిన్ ఒక్కటే, ఏడుపు దిగమింగుకుంటున్నట్టు, ఒక స్వరాన్ని సాగదీస్తుంది. నేను ఏనాడూ సరిగ్గా ఆగలేదు.

"ఏంటే నీ తొందర? రైలేమైనా వెళ్లిపోతోందా?" అని అక్క కమానుతో నా భుజం మీద తట్టేది.

చాలాకాలం మంచం మీదుండి అక్క పోయింది. పోయేముందు, వయొలిన్ తన శిష్యురాలు లావణ్యకి ఇమ్మంది. సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి. ఆ వయొలిన్ పెట్టె కంటపడితే చాలు, ఆస్పత్రి వాసన వచ్చేది. అలిసిపోయాను.

లావణ్య వస్తానన్న రోజుకి ముందురోజు, బస్సు కుదుపులకు ఏమీ విరక్కుండా బిరడలు తిప్పి తీగలన్నీ వదులు చేశాను. తీగల కింది బ్రిడ్జి తీసి గుడ్డలో చుట్టి పెట్టెలోనే ఉంచాను. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

మర్నాడు మధ్యాహ్నం లావణ్య భీమవరం నుంచి వచ్చింది. కాఫీ తాగాక, "ఆ ఫ్రెంచిదాంట్లో మీ వంతు ఒక్కసారి వాయిస్తారా అండి?" అంది.

వాయించాను. ఆ చోటుకి రాగానే నా చేతులు వాటంతటవే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పెట్టెలోంచి సన్నగా, పొడుగ్గా, ఒకటే స్వరం.

"లోపల ఫోన్ ఏమైనా ఉందా అండి?" అంది లావణ్య.

తాళం తీశాను. బ్రిడ్జి నిలబడి ఉంది. తీగలు బిగిసి ఉన్నాయి. గుడ్డ ఓ మూల మడతపెట్టి ఉంది. లావణ్య తీగలు మీటి చూసి, "ఇది మన శ్రుతి కాదండీ" అంది. ఆ పిల్లకి ఆ పాశ్చాత్య శ్రుతి చేయడం రాదు. నాకైతే తీగలు వదులు చేయడమే వచ్చు.

లావణ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. "పోనీ, మీ దగ్గరే ఉంచేసుకోండి."

అక్క ఇవ్వొద్దంటోందా? ఇవ్వడానికే సిద్ధం చేసి పెట్టిందా? నాకు తెలియలేదు. కానీ ఇచ్చిన మాట మాటే. పెట్టె లావణ్య చేతికిచ్చాను. ఆటో మలుపు తిరిగాక గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. అక్క పోయాక అదే మొదటిసారి. అప్పటిదాకా దానికీ ఓపిక లేకపోయింది.

ఆ రోజు జరిగిందేమిటో ఇప్పటికీ చెప్పలేను. సాయంత్రాలు నా వంతు వాయించుకుంటూ ఉంటాను. ఆ చోట ఆగుతాను. వయొలిన్ భీమవరంలో ఉంది, ఇక్కడ ఏమీ వినిపించదు. ఎంతసేపు ఆగాలో మాత్రం ఇప్పుడు నాకు తెలుసు.