అత్తమ్మకు సబ్‌టైటిల్స్ నేనే

ఈ మధ్యాహ్నం వెల్లింగ్టన్‌లో గాలికి వాకింగ్ కుదరక, అత్తమ్మను ఒక ఫ్రెంచ్ సినిమాకు తీసుకెళ్లాను. పాటలు రాసి తనే పాడిన ఒక గాయకుడి జీవితకథ. ఆమెకు ఫ్రెంచ్ రాదు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదవడమూ రాదు.

సినిమాలో ఆ గాయకుడి వెంట పొడుగు ముక్కు, చేటంత చెవులున్న ఒక బొమ్మ తిరుగుతూ ఉంటుంది. అది అతనికి తప్ప ఎవరికీ కనబడదు. నేను అత్తమ్మ చెవిలో అన్నీ తెలుగులో చెబుతుంటే, ముందు సీటులోని పెద్దావిడ వెనక్కి తిరిగింది. తిట్లు తప్పవనుకుని సారీ చెప్పాను.

"కళ్లద్దాలు మరిచిపోయి వచ్చానమ్మా. నాకూ కాస్త ఇంగ్లిష్‌లో చెబుతావా?" అని అడిగింది.

లేచి వచ్చి అత్తమ్మకు అవతలి వైపు కూర్చుంది కూడా. ఇక నా గుసగుసలు రెండు భాషల్లో సాగాయి.

కాసేపటికి అత్తమ్మే నాకు చెప్పింది. "అది బొమ్మ కాదే. చిన్నప్పుడు ఎవరో వాణ్ని అనాకారి అన్నరు గదా, ఆ మాటనే ఇంకా ఎంబడి తిరుగుతుంది."

అది ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆవిడ, "నన్ను మా అమ్మే అలా అనేది" అంటూ అత్తమ్మ చేయి పట్టుకుంది. అత్తమ్మ నన్ను అర్థం అడగలేదు. సినిమా అయ్యేదాకా ఆ చేయి వదలనూ లేదు.

వాళ్లిద్దర్నీ చూస్తూ నేను తెర సంగతే మరిచిపోయాను. చివరికి ఆ గాయకుడికి ఏమైందో, చూసినవాళ్లెవరైనా కామెంట్లలో చెప్పండి. ఇంటికొచ్చినప్పటి నుంచి అత్తమ్మ అడుగుతూనే ఉంది.